సీడీ, డీవీడీల్లో ఫైళ్లు ఎలా అమరి ఉంటాయి: సెక్టార్ 16 నుంచి మీ ఫైలు దాకా

పాత సీడీ పెడితే ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. తెలుగులో పెట్టిన పేర్లన్నీ ప్రశ్నార్థకాలై ఉంటాయి. నిండుగా ఉండాల్సిన డీవీడీలో ఒక్క రీడ్‌మీ ఫైలే తేలుతుంది. ఇలాంటివి చూసి డిస్కు పాడైందని పారేయకండి. చాలాసార్లు లోపలి డేటా చెక్కుచెదరకుండా ఉంటుంది, దాన్ని చూపించే పట్టిక ఒక్కటే తప్పిపోయి ఉంటుంది. ఆ పట్టికలు ఎక్కడుంటాయో, వాటిని బైట్ల స్థాయిలో ఎలా చదవాలో తెలిస్తే ఫైలును నేరుగా చేరుకోవచ్చు.

మొదట ఒక మూలసూత్రం. హార్డ్‌డిస్కులో ఒక ఫైలు ముక్కలుముక్కలుగా పదిచోట్ల ఉండొచ్చు. ఐఎస్‌ఓ 9660 అనే సీడీ ఫైళ్ల అమరిక ప్రమాణం ప్రకారం రాసిన డిస్కులో మాత్రం ఫైలు సాధారణంగా ఒకే చోట, వరుస సెక్టార్లలో (డిస్కును విభజించిన చిన్న సమాన భాగాల్లో), ఖాళీ లేకుండా ఉంటుంది. ఒకసారి రాస్తే మార్చేది లేదు కాబట్టి ముక్కలు చేయాల్సిన అవసరమే రాదు. అందుకే ఒక ఫైలును బయటికి తీయడానికి రెండే అంకెలు చాలు: ఏ సెక్టార్‌లో మొదలైంది, ఎన్ని బైట్లు ఉంది. డైరెక్టరీ అంటే ఆ రెండు అంకెలనూ పేరుతో కలిపి రాసుకున్న జాబితా, అంతే.

ముందు ఇమేజ్ తీసుకోండి

డిస్కు మీద నేరుగా ప్రయోగాలు వద్దు. మొత్తాన్నీ ఒక ఇమేజ్ ఫైలుగా తీసి, దాన్ని హెక్స్ ఎడిటర్‌లో (ఒక్కో బైట్‌ను విడిగా చూపే ప్రోగ్రామ్‌లో) తెరవండి. డిస్కు బాగుంటే మామూలు ఇమేజింగ్ ప్రోగ్రామ్ ఏదైనా సరిపోతుంది. గీతలు పడి ఉంటే లైనక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడండి. సెక్టార్ సైజు 2048 ఇచ్చి, మ్యాప్ ఫైలు (ఏ సెక్టార్లు చదివిందో, ఏవి చదవలేదో రాసుకునేది) తప్పకుండా పెట్టండి. మొదటి విడతలో చదవగలిగిందంతా చదివించి, మొండికేసిన చోట్లకు రెండో విడతలో వెళ్లండి. అదే మ్యాప్ ఫైలుతో డిస్కును వేరే డ్రైవ్‌లో పెట్టి కొనసాగిస్తే, మొదటి డ్రైవ్ చదవలేని సెక్టార్లు కొన్ని రెండోది చదువుతుంది. వేర్వేరు డ్రైవ్‌ల లేజర్, లెన్స్ ఒకేలా ఉండవు కాబట్టి ఇది నిజంగా పనిచేసే ఉపాయం. తుడవాల్సి వస్తే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు నిటారుగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడి సాగి, ఒకేచోట వరుసగా చాలా సెక్టార్లను మింగేస్తుంది.

సీడీలో ఒక సెక్టార్ నిజానికి 2352 బైట్లు. మామూలు డేటా సెక్టార్‌లో అందులో 2048 మాత్రమే మన డేటా. మిగతాది సింక్ గుర్తు, చిరునామా, దోషాలను దిద్దే కోడ్. మీ ఇమేజ్ ఐఎస్‌ఓ ఫైలైతే అందులో 2048 బైట్ల సెక్టార్లు మాత్రమే ఉంటాయి. బిన్ ఫైలైతే సాధారణంగా 2352 బైట్లూ ఉంటాయి. ఈ తేడా చూసుకోకపోతే కింద చెప్పే లెక్కలన్నీ తప్పుతాయి.

సెక్టార్ 16

డిస్కులో మొదటి 16 సెక్టార్లను, అంటే 0 నుంచి 15 వరకు, ఐఎస్‌ఓ 9660 ముట్టుకోదు. పెన్‌డ్రైవ్ నుంచి కూడా బూట్ అయ్యేలా చేసిన లైనక్స్ ఇమేజ్‌లు తమ బూట్ కోడ్‌ను అక్కడే పెట్టుకుంటాయి. అసలు కథ సెక్టార్ 16లో మొదలవుతుంది. 16ను 2048తో గుణిస్తే 32768. ఇమేజ్‌లో ఆ బైట్‌కు వెళ్లండి (హెక్స్‌లో 8000). అక్కడ ఇలా కనిపించాలి:

01 43 44 30 30 31 01

మధ్యలోని అయిదు బైట్లు సీడీ001 అనే గుర్తు. ముందున్న 01 ఇది ప్రధాన వాల్యూమ్ డిస్క్రిప్టర్, అంటే డిస్కు వివరాలు చెప్పే ముఖ్య పట్టిక, అని చెబుతుంది. గుర్తు అక్కడ లేకపోతే ఆ అయిదు బైట్ల కోసమే వెతకండి. 37649లో దొరికితే అది 2352 బైట్ల మోడ్ 1 ఇమేజ్. 37657లో దొరికితే మోడ్ 2 ఎక్స్ఏ ఇమేజ్. మోడ్ 1లో ప్రతి సెక్టార్‌కూ ముందు 16 బైట్లు, మోడ్ 2లో 24 బైట్లు వదిలేసి చదవాలి. 1988లో ఐఎస్‌ఓ 9660 ప్రమాణంగా రాకముందు హై సియెరా పద్ధతిలో చేసిన డిస్కులూ కొన్ని ఉన్నాయి. వాటిలో గుర్తు వేరు, అమరిక కూడా కాస్త వేరు.

సెక్టార్ 16 తర్వాత ఇలాంటి డిస్క్రిప్టర్లు ఒక్కో సెక్టార్‌కు ఒకటి చొప్పున వస్తూనే ఉంటాయి. మొదటి బైట్ 0 అయితే బూట్ రికార్డు, 1 అయితే ప్రధానం, 2 అయితే అనుబంధం, 255 అయితే ముగింపు. 255 కనిపించేదాకా చదివి, ఏవేవి ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. ఈ చిన్న జాబితా తర్వాత చాలా చోట్ల అక్కరకొస్తుంది.

ప్రధాన డిస్క్రిప్టర్‌లో మనకు ముఖ్యమైనవి ఇవి. స్థానాలను డిస్క్రిప్టర్ మొదలు నుంచి లెక్కించాలి:

- 40వ బైట్ నుంచి 32 బైట్లు: డిస్కు పేరు.
- 80 నుంచి 8 బైట్లు: మొత్తం ఎన్ని సెక్టార్లు.
- 128 నుంచి 4 బైట్లు: బ్లాకు సైజు. దాదాపు ఎప్పుడూ 2048.
- 132 నుంచి 8 బైట్లు: పాత్ టేబుల్ సైజు. 140లో దాని స్థానం.
- 156 నుంచి 34 బైట్లు: మూల డైరెక్టరీ రికార్డు.
- 813 నుంచి 17 బైట్లు: వాల్యూమ్ సృష్టించిన తేదీ. మొదటి 16 మామూలు అంకెలుగానే చదవొచ్చు.

సెక్టార్ల సంఖ్యను 2048తో గుణించి ఇమేజ్ సైజుతో పోల్చండి. ఇమేజ్ చిన్నదైతే కాపీ మధ్యలో ఆగిందన్నమాట. సీడీ చివరి రెండు సెక్టార్లు చదవడం కుదరక దోషం వచ్చి ఉండొచ్చు, కానీ లెక్క ప్రకారం సెక్టార్లన్నీ వచ్చేశాయనుకోండి. అప్పుడు కంగారు పడకండి. ట్రాక్‌ట్రాక్‌గా రాసే పద్ధతిలో చివర రెండు ఖాళీ సెక్టార్లు మిగులుతాయి, వాటిలో డేటా ఉండదు.

ఈ 8 బైట్ల సంఖ్యల్లో ఒక విశేషం ఉంది. ఒకే సంఖ్యను రెండుసార్లు రాస్తారు: మొదట చిన్న బైట్ ముందుగా, తర్వాత పెద్ద బైట్ ముందుగా. ఇంటెల్ కంప్యూటర్లు మొదటి సగాన్ని, అప్పటి మోటరోలా ప్రాసెసర్ల కంప్యూటర్లు రెండో సగాన్ని తిప్పిరాయకుండానే చదువుకోవాలని ఈ ఏర్పాటు. ఇవాళ మనకు ఇది ఉచితంగా దొరికిన తనిఖీ. రెండు సగాలూ ఒకే సంఖ్య చూపకపోతే ఆ రికార్డు చెడింది, లేదా మీరు తప్పు చోట నుంచి చదువుతున్నారు.

మూల డైరెక్టరీ నుంచి ఫైలు దాకా

ఇప్పుడు ఒక ఉదాహరణను చేత్తో చదువుదాం. 32768కి 156 కలిపితే 32924. అక్కడ మూల డైరెక్టరీ రికార్డు ఉంటుంది. అందులో 2వ బైట్ నుంచి ఇలా ఉందనుకోండి:

18 00 00 00 00 00 00 18, ఆ వెంటనే 00 08 00 00 00 00 08 00

మొదటిది సెక్టార్ 24, రెండోది 2048 బైట్లు. 24ను 2048తో గుణిస్తే 49152. అక్కడికి వెళ్లండి. వరుసగా డైరెక్టరీ రికార్డులు కనిపిస్తాయి. మొదటి రెండూ 34 బైట్ల చొప్పున ఉంటాయి: ఒకటి ఈ డైరెక్టరీనే, రెండోది దీని పై డైరెక్టరీని సూచిస్తుంది. వాటి పేర్లు చుక్కలుగా కాకుండా 00, 01 అనే ఒక్కో బైట్‌గా ఉంటాయి. కాబట్టి మొదటి అసలు ఫైలు రికార్డు 49152కు 68 కలిపిన చోట, 49220లో మొదలవుతుంది. (కింద చెప్పే రాక్ రిడ్జ్ అనే అదనపు పద్ధతి ఉన్న డిస్కులో ఈ రెండు రికార్డులూ 34 కంటే పెద్దవిగా ఉంటాయి. ప్రతిసారీ మొదటి బైట్ ఎంత చెబితే అంతే ముందుకు జరగండి.)

ఒక రికార్డులో ఏమేం ఉంటాయో చూడండి. కీర్తన అనే పేరును ఎనిమిది రోమన్ అక్షరాల్లో రాసి, చివర టీఎక్స్‌టీ పెట్టిన ఫైలు అనుకుందాం:

- 0వ బైట్: రికార్డు పొడవు. ఇక్కడ 48, హెక్స్‌లో 30.
- 2 నుంచి: 64 02 00 00 00 00 02 64. సెక్టార్ 612.
- 10 నుంచి: 88 13 00 00 00 00 13 88. సైజు 5000 బైట్లు.
- 18 నుంచి ఏడు బైట్లు, దశాంశంలో: 109, 5, 14, 18, 20, 5, 22. అంటే 2009 మే 14, సాయంత్రం 6 గంటల 20 నిమిషాల 5 సెకన్లు.
- 25: గుర్తుల బైట్. 0 అయితే మామూలు ఫైలు, 2 అయితే డైరెక్టరీ, 1 కలిస్తే దాచిన ఫైలు.
- 32: పేరు పొడవు, 14. ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాల పొడిగింపు, ఆపై సెమికోలన్, 1.
- 33 నుంచి: పేరు.

33కు 14 కలిపితే 47. రికార్డు పొడవు సరిసంఖ్య కావాలి కాబట్టి ఒక ఖాళీ బైట్ చేరి 48 అయింది. పేరు చివరి సెమికోలన్, 1 వెర్షన్ సంఖ్య. ఆపరేటింగ్ సిస్టమ్‌లు దాన్ని చూపించవు. తేదీలో సంవత్సరానికి 1900 కలపాలి. చివరి బైట్ గ్రీన్‌విచ్ సమయంతో తేడా, 15 నిమిషాల లెక్కన. మన 5 గంటల 30 నిమిషాలకు అది 22. అక్కడ 0 ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ టైమ్‌జోన్ పట్టించుకోలేదన్నమాట, అప్పుడు ఫైలు సమయం అయిదున్నర గంటలు తేడాగా కనిపించే అవకాశం ఉంది.

612ను 2048తో గుణిస్తే 1253376. ఇమేజ్‌లో అక్కడి నుంచి సరిగ్గా 5000 బైట్లు ఎంచుకుని కొత్త ఫైలుగా సేవ్ చేస్తే, అదే మీ ఫైలు. మూడు సెక్టార్లలో చివరిదానిలో మిగిలిన 1144 బైట్లు పూరకం. వాటిని కలుపుకోకండి.

చేత్తో చదివేవాళ్లు తరచూ తడబడే చోట్లు రెండు. రికార్డు ఎప్పుడూ సెక్టార్ హద్దు దాటదు. సెక్టార్ చివర 40 బైట్లే మిగిలి, తర్వాతి రికార్డుకు 48 కావాలంటే, ఆ 40నీ సున్నాలతో నింపి రికార్డును తర్వాతి సెక్టార్‌లో మొదలుపెడతారు. పొడవు 0 కనిపించగానే డైరెక్టరీ అయిపోయిందనుకుంటే, పెద్ద ఫోల్డర్లలో నలభై యాభై ఫైళ్ల తర్వాత మిగతావన్నీ మాయమైనట్టు అనిపిస్తుంది. ఆ డైరెక్టరీ గురించిన రికార్డు చెప్పిన సైజు పూర్తయ్యేదాకా చదవాలి. ఇక రెండోది పెద్ద ఫైళ్ల సంగతి. సైజు 32 బిట్ల సంఖ్య కాబట్టి ఒక్క రికార్డు 4 జీబీకి మించి చెప్పలేదు. అంతకంటే పెద్ద ఫైలుకు ఒకే పేరుతో వరుసగా రెండు మూడు రికార్డులు రాస్తారు. చివరిది తప్ప మిగతావాటి గుర్తుల బైట్‌లో 128 కలిసి ఉంటుంది. ఈ పద్ధతి తెలియని పాత ప్రోగ్రామ్‌లు ఒక ముక్కనే చూపిస్తాయి. అప్పుడు వీడియో సగంలో ఆగిపోతే తప్పు డిస్కుది కాదు.

పాత్ టేబుల్ గురించి క్లుప్తంగా చాలు. డిస్కులోని డైరెక్టరీలన్నింటినీ ఒకేచోట చెప్పే జాబితా అది. ప్రతి ఎంట్రీలో పేరు, మొదటి సెక్టార్, తన పై డైరెక్టరీ వరుస సంఖ్య ఉంటాయి, ఫైళ్లు ఉండవు. లేజర్ అటూఇటూ తిరగడం నెమ్మది కాబట్టి ఆ రోజుల్లో దీన్ని పెట్టారు. లైనక్స్ దీన్ని అసలు చూడదు. కానీ మూల డైరెక్టరీ సెక్టార్ చదవడం కుదరనప్పుడు లోపలి ఫోల్డర్ల చిరునామాలు ఇక్కడే దొరుకుతాయి. 140లోని సంఖ్య చిన్న బైట్ ముందున్న కాపీకి, 148లోనిది పెద్ద బైట్ ముందున్న కాపీకి దారి చూపుతాయి. ఒకటి చెడితే రెండోది చూడండి.

ఒకే ఫైలుకు రెండు మూడు పేర్లు

ఐఎస్‌ఓ 9660 మొదటి స్థాయిలో పేరుకు 8 అక్షరాలు, పొడిగింపుకు 3. పెద్ద రోమన్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. ఫోల్డర్ల లోతు 8 స్థాయిలకు మించకూడదు. తెలుగు పేర్లకు ఇక్కడ చోటే లేదు. ఈ ఇరుకును తప్పించుకోవడానికి రెండు దారులు వచ్చాయి.

మైక్రోసాఫ్ట్ తెచ్చిన జోలియెట్ పూర్తిగా రెండో చెట్టును కడుతుంది. దాని డిస్క్రిప్టర్ రకం 2. అందులో 88వ బైట్ దగ్గర శాతం గుర్తు, స్లాష్, ఆ వెనుక 40, 43, 45 లలో ఒక హెక్స్ బైట్ ఉంటాయి. దాని 156లో వేరే మూల డైరెక్టరీ రికార్డు ఉంటుంది. పేర్లు రెండేసి బైట్ల యూనికోడ్, పెద్ద బైట్ ముందు. ఫైళ్ల డేటా మాత్రం రెండోసారి రాయరు. రెండు చెట్లలోని రికార్డులూ అదే సెక్టార్‌ను చూపుతాయి. ఒకే పుస్తకానికి రెండు విషయసూచికలు ఉన్నట్టు. కాబట్టి ఒక చెట్టు చెడిపోతే రెండో చెట్టులోంచి వెళ్లండి.

జోలియెట్ హద్దు పొడిగింపుతో కలిపి 64 యూనికోడ్ గుర్తులు. ఇది తెలుగువాళ్లు శ్రద్ధగా గమనించాల్సిన హద్దు. మనం ఒక అక్షరంగా చదివేది యూనికోడ్‌లో రెండు, మూడు, నాలుగు గుర్తులవుతుంది. సంక్రాంతిముగ్గులు అన్న పేరు చూడటానికి ఆరు అక్షరాలే. గుణింతాలు, పొల్లులు, సున్నాలు విడివిడిగా లెక్కపెడితే 17 గుర్తులు. పొల్లు తర్వాత వత్తు పడకుండా వాడే కంటికి కనపడని గుర్తు కూడా ఒకటిగా లెక్కకొస్తుంది. ఇరవై అయిదు అక్షరాల తెలుగు పేరు 64ను సులువుగా దాటేస్తుంది. అప్పుడు రాసే సాఫ్ట్‌వేర్ పేరును కత్తిరిస్తుంది; తెగినచోట అక్షరం సగంలో ఆగి పొల్లుతో మిగలొచ్చు. మొదటి భాగం ఒకేలా ఉండి చివర సంఖ్య మాత్రమే మారే పేర్లు మరీ ప్రమాదం, కత్తిరించాక అన్నీ ఒకటే అవుతాయి. సంఖ్యను పేరు ముందు పెట్టండి. కొన్ని ప్రోగ్రామ్‌లు 103 గుర్తుల దాకా అనుమతిస్తాయి, కానీ అది నియమానికి బయటి సంగతి, అన్నిచోట్లా చదువుతుందన్న హామీ లేదు.

యూనిక్స్ వాళ్ల రాక్ రిడ్జ్ వేరే చెట్టు కట్టదు. ప్రధాన చెట్టులోని ప్రతి రికార్డు చివర మిగిలిన చోటులో అసలు పేరు, అనుమతులు, లింకులు చేరుస్తుంది. రికార్డు పొడవు ఒక్క బైట్‌లో ఉంటుంది కాబట్టి 255 దాటలేదు, పొడవైన పేర్లు వేరే సెక్టార్‌లోకి కొనసాగుతాయి. లైనక్స్‌లో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు 3 బైట్లు, కాబట్టి 85 గుర్తులు పడతాయి. ఎనిమిది స్థాయిల కంటే లోతైన ఫోల్డర్లను కొన్ని ప్రోగ్రామ్‌లు మూలంలోని ఆర్ఆర్ మూవ్డ్ అనే ఫోల్డర్‌లోకి మారుస్తాయి. అది చెత్త కాదు, మీ ఫైళ్లే.

విండోస్‌కు రాక్ రిడ్జ్ తెలియదు, జోలియెట్ చూస్తుంది. లైనక్స్ రెండూ ఉంటే రాక్ రిడ్జ్‌ను ముందు పెట్టుకుంటుంది. ఒకే డిస్కు రెండు కంప్యూటర్లలో రెండు రకాల పేర్లతో కనిపించడానికి కారణం ఇదే. లైనక్స్‌లో చేత్తో మౌంట్ చేసినప్పుడు (డిస్కును సిస్టమ్‌కు జోడించినప్పుడు) జోలియెట్ తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా వస్తే, మౌంట్ ఆప్షన్లలో అక్షరాల ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8గా ఇవ్వండి. పేర్లు డిస్కులో బాగానే ఉన్నాయి. నోరాక్, నోజోలియెట్ ఆప్షన్లతో ఒక్కో దారినీ మూసి, మిగతా దారిలో ఏం కనిపిస్తుందో చూడొచ్చు. కొత్తగా రాసేటప్పుడు జోలియెట్, రాక్ రిడ్జ్ రెండూ పెట్టండి. అదనంగా పట్టే చోటు చాలా తక్కువ.

విడతలవారీగా రాసిన డిస్కులు

ఒకే సీడీలో పలుమార్లు రాసినప్పుడు ప్రతి సెషన్‌కూ (ఒక్కో విడతకూ) తన సొంత డిస్క్రిప్టర్లు ఉంటాయి: ఆ సెషన్ మొదలైన సెక్టార్‌కు 16 కలిపిన చోట. డ్రైవ్ చివరి సెషన్ ఎక్కడుందో చెబుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ దాన్నే చదువుతుంది. కొత్త సెషన్ రాసే ముందు సాఫ్ట్‌వేర్‌లో పాత సెషన్‌ను దిగుమతి చేసుకుంటే, కొత్త పట్టికలోని రికార్డులు పాత ఫైళ్ల సెక్టార్లను కూడా చూపుతాయి. దిగుమతి మరిస్తే పాత ఫైళ్లు డిస్కులో ఉంటూనే కనిపించకుండా పోతాయి.

వాటిని చేరడానికి విండోస్‌లో ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రామ్ సెషన్లను విడివిడిగా చూపిస్తుంది. లైనక్స్‌లో మౌంట్ చేసేటప్పుడు సెషన్ సంఖ్యగానీ, ఎస్‌బీసెక్టార్ ఆప్షన్‌తో సెషన్ మొదటి సెక్టార్‌గానీ ఇవ్వాలి. ఇమేజ్‌లో డిస్కు విషయపట్టిక ఉండదు కాబట్టి ఇమేజ్ మౌంట్ చేస్తే మొదటి సెషన్, అసలు డిస్కు పెడితే చివరి సెషన్ కనిపిస్తాయి. రెండూ సరైనవే. సెషన్ల నడుమ చదవడానికి వీల్లేని ఖాళీ ఉంటుంది: మొదటి సెషన్ తర్వాత 11400 సెక్టార్లు, ఆ తర్వాత ప్రతిదానికీ 6900. డీడీరెస్క్యూ అక్కడ దోషాలు చూపిస్తే గీతలని భయపడకండి. ఈ ఖాళీలకే సుమారు 22 ఎంబీ, తర్వాత ప్రతిసారీ 13 ఎంబీ ఖర్చవుతుంది. చిన్నచిన్న సెషన్లు ఎక్కువ చేస్తే డిస్కు అలాగే నిండిపోతుంది.

యూడీఎఫ్

డీవీడీలు, బ్లూ-రేలతో యూడీఎఫ్ అనే మరో అమరిక పద్ధతి వచ్చింది. డీవీడీ వీడియోలో యూడీఎఫ్ 1.02, ఐఎస్‌ఓ 9660 రెండూ కలిసి ఉంటాయి. బ్లూ-రే సినిమాల్లో యూడీఎఫ్ 2.50. సెక్టార్ 16 తర్వాతి వరుసలో ఎన్ఎస్ఆర్02 లేదా ఎన్ఎస్ఆర్03 అన్న గుర్తు కనిపిస్తే యూడీఎఫ్ ఉన్నట్టే. విండోస్ ఇన్‌స్టాల్ డీవీడీల ఐఎస్‌ఓ చెట్టులో, యూడీఎఫ్ చదవగల సిస్టమ్ కావాలని చెప్పే రీడ్‌మీ ఒక్కటే ఉంటుంది. అలాంటిది ఎదురైతే మౌంట్ రకాన్ని యూడీఎఫ్‌గా మార్చండి, మిగతావన్నీ బయటపడతాయి.

ఇక్కడ మొదటి మెట్టు సెక్టార్ 256. అక్కడ 02 00తో మొదలయ్యే యాంకర్, అంటే మిగతా పట్టికలకు దారి చూపే రికార్డు, ఉంటుంది. దాని 16వ బైట్ నుంచి ప్రధాన డిస్క్రిప్టర్ల వరుస పొడవు, స్థానం. 24 నుంచి వాటి రెండో కాపీ వివరాలు. యాంకర్ కాపీలు చివరి సెక్టార్‌లో, దానికి 256 ముందు కూడా ఉండొచ్చు. 256వ సెక్టార్ చెడితే అక్కడ వెతకండి. ఆ వరుసలో ట్యాగ్ (రికార్డు రకం చెప్పే మొదటి సంఖ్య) 5 పార్టిషన్ ఎక్కడ మొదలైందో, ట్యాగ్ 6 ఫైల్ సెట్ ఎక్కడుందో చెబుతాయి. ఫైల్ సెట్ నుంచి మూల డైరెక్టరీ, దాని నుంచి పేర్లుండే ట్యాగ్ 257, ఫైలు వివరాలుండే ట్యాగ్ 261 లేదా 266. పార్టిషన్ లోపలి చిరునామాలన్నీ పార్టిషన్ మొదలు నుంచి లెక్క. దాని మొదటి సెక్టార్ కలపడం మరిస్తే ప్రతిసారీ తప్పు చోట దిగుతారు. సైజు 64 బిట్లు కాబట్టి 4 జీబీ గొడవ లేదు. తెలుగు పేరుకు 127 గుర్తుల వరకు చోటుంది.

సీడీ-ఆర్‌ను పెన్‌డ్రైవ్‌లా వాడుకునేలా రాసిన డిస్కుల్లో సెక్టార్ల మ్యాపింగ్ పట్టికను చివర రాసిన చోట పెడతారు. సెషన్ మూయకుండా డిస్కు తీసేస్తే వేరే డ్రైవ్‌లో ఖాళీగా కనిపిస్తుంది. రాసిన డ్రైవ్‌లోనే పెట్టి సెషన్ మూయించి చూడండి.

వీసీడీలు, పట్టికే లేని డిస్కులు

తెలుగు సినిమాల వీసీడీలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటి ఎంపెగ్ఏవీ ఫోల్డర్‌లోని డీఏటీ పొడిగింపున్న ఫైలును లైనక్స్‌లో మామూలుగా కాపీ చేస్తే ఇన్‌పుట్/అవుట్‌పుట్ దోషం వస్తుంది. వీడియో ట్రాక్‌లో మోడ్ 2 ఫారం 2 సెక్టార్లుంటాయి. ఒక్కోదానిలో 2324 బైట్ల డేటా, దోషాలు దిద్దే కోడ్ లేదు. ఫైల్ సిస్టమ్ అడిగే 2048 బైట్ల లెక్క అక్కడ కుదరదు. వీసీడీఇమేజర్‌తో వచ్చే వీసీడీఎక్స్‌రిప్ సాధనం వాడండి.

పట్టికలన్నీ పోయినా దారి ఉంది. ప్రతి ఫైలూ సెక్టార్ మొదట్లోనే ఆరంభమవుతుంది, వరుసగా ఉంటుంది. కాబట్టి 2048 బైట్లకు ఒకసారి మాత్రమే చూస్తూ వెళ్లండి. 255, 216, 255 అనే మూడు బైట్లు కనిపిస్తే జేపెగ్ ఫొటో మొదలైనట్టు. శాతం గుర్తు వెనకే పీడీఎఫ్ అన్న మూడు రోమన్ అక్షరాలుంటే అది పీడీఎఫ్. ఫోటోరెక్ ప్రోగ్రామ్ ఇదే పని యాంత్రికంగా చేస్తుంది, బ్లాకు సైజు 2048 అని ఇస్తే లేని ఫైళ్లను ఉన్నట్టు పొరబడటం తగ్గుతుంది. పేర్లు రావు, ఫైళ్లు వస్తాయి. డీవీడీలో 16 సెక్టార్లను కలిపి ఒకే దోష సవరణ బ్లాకుగా రాస్తారు, బ్లూ-రేలో 32 సెక్టార్లను. ఒక్క చోట చదవడం కుదరకపోతే ఆ బ్లాకు మొత్తం పోతుంది. బయటికొచ్చిన ఫొటోలో అడ్డంగా ఒక పట్టీ తేడాగా ఉంటే, పోయిన ఆ బ్లాకే (డీవీడీలో 32 కేబీ) దానికి కారణం కావచ్చు. మ్యాప్ ఫైలులో ఆ సెక్టార్ల సంఖ్యలు చూసి, ఆ భాగాన్ని మాత్రమే ఇంకో డ్రైవ్‌లో మళ్లీ చదివించండి.